స్కీ పోల్ కొనేముందు మీ మోచేయి ఎత్తు చూసుకోండి

గుల్‌మార్గ్‌లో అయినా, కాలిఫోర్నియాలో తాహో సరస్సు చుట్టుపక్కల అయినా, స్కీలు అద్దెకిచ్చే కౌంటర్ దగ్గర జరిగేది దాదాపు ఒకటే. బూటు సైజు అడుగుతారు. ఎత్తు, బరువు అడిగి, బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్ బిగింపు సరిచేస్తారు. స్కీ గడ్డం దాకా రావాలా, ముక్కు దాకా రావాలా అని కాసేపు మాట్లాడతారు. పోల్స్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మూలనున్న కుప్పలోంచి ఒక జత లాగి చేతిలో పెడతారు. తీసుకునేవాళ్లూ పట్టించుకోరు. కర్రే కదా, కాస్త పొడుగైతే ఏం, పొట్టైతే ఏం అనుకుంటారు.

ఈ నిర్లక్ష్యం వల్ల నష్టపోయేది కొత్తగా నేర్చుకునేవాళ్లే. బాగా వచ్చినవాళ్లు ఏ పోల్ ఇచ్చినా ఎలాగో సర్దుకుంటారు. మూడో రోజో నాలుగో రోజో మలుపులు నేర్చుకుంటున్న మనిషికి పది సెంటీమీటర్లు పొడుగున్న పోల్ ఇస్తే, శిక్షకుడు చెప్పినవన్నీ ఆ పోల్ చెడగొడుతుంది. "ముందుకు వాలండి, వెనక్కి పోకండి" అని శిక్షకుడు అరుస్తూనే ఉంటాడు, పోల్ వెనక్కి తోస్తూనే ఉంటుంది. తప్పు తన ఒంట్లో ఉందనుకుని ఆ మనిషి నిరుత్సాహపడతాడు. అందుకే ఈ వ్యాసంలో నా వాదన ఒక్కటే: పోల్ ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది పొడవు, ఆ తర్వాత బాస్కెట్ (కింది కొసకి కాస్త పైన ఉండే ప్లాస్టిక్ పళ్లెం), ఆ తర్వాత స్ట్రాప్ (చేతికి తగిలించుకునే పట్టీ). కార్బనా అల్యూమినియమా అన్న ప్రశ్న వీటన్నిటి తర్వాతే. దుకాణాల్లో చర్చ సరిగ్గా తలకిందులుగా నడుస్తుంది.

పొడవు ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే పోల్ చేసే పనేమిటో తెలియాలి. చాలామంది దాన్ని పడిపోకుండా ఆపే ఊతకర్ర అనుకుంటారు. ఒకప్పుడు అది నిజంగానే ఊతకర్ర. ఆస్ట్రియాలోని లిలియన్‌ఫెల్డ్‌లో మతియాస్ జ్డార్‌స్కీ 1890లలో ఆల్ప్స్ వాలులకు తగిన స్కీయింగ్ పద్ధతిని తయారుచేసినప్పుడు, చేతిలో ఒకే ఒక్క పొడవాటి కర్ర ఉండేది. ఆ తర్వాత ఆస్ట్రియా సైనికాధికారి గియోర్గ్ బిల్గెరి వంటివాళ్ల ప్రచారంతో రెండు పోల్స్ పద్ధతి స్థిరపడింది. ఇవాళ వేగం తగ్గించడం, దిశ మార్చడం, ఆగడం అన్నీ స్కీ అంచులు చేసే పనులు. వాలు దిగేటప్పుడు పోల్‌కి మిగిలింది మలుపుకి సమయం చెప్పడం.

అదెలాగో చూద్దాం. ఎడమవైపు తిరగాలనుకోండి. ఎడమ మణికట్టును కొద్దిగా కదిపితే పోల్ చివర ముందుకు ఊగి, స్కీ ముక్కుకీ బూటుకీ మధ్యలో, కాస్త పక్కగా మంచును తాకుతుంది. ఆ తాకిడితో శరీరం కొత్త మలుపు లోపలి వైపుకి కదలడం మొదలవుతుంది, బరువు ఒక స్కీ మీది నుంచి మరో స్కీ మీదికి మారుతుంది. గట్టిగా పొడవనక్కర్లేదు, తాకితే చాలు. చెయ్యి నడుముకి కాస్త పైన, శరీరానికి ముందు, కంటికి కనిపించేచోటే ఉండాలి. కదలాల్సింది మణికట్టు ఒక్కటే, భుజం కదలకూడదు.

ఇప్పుడు పోల్ పొడుగైందనుకోండి. దాని చివర మంచుకి ముందే తగలకుండా ఉండాలంటే చెయ్యి ఛాతీ దాకా లేవాలి. చెయ్యి లేస్తే భుజం లేస్తుంది, భుజం లేస్తే పైశరీరం వెనక్కి వాలుతుంది. అప్పుడు పిక్కల ముందుభాగం బూటు నాలుకను నొక్కడం మానేస్తుంది, బరువు మడమల మీదికి పోతుంది. స్కీ ముందుభాగం మీద ఒత్తిడి లేకపోతే అది మంచును పట్టుకోదు, తిరగదు. స్కీ తిరగకపోతే మనిషి భుజాలు విసిరి తిప్పాలని చూస్తాడు. పైగా పొడుగు పోల్ మంచులో నాటుకున్నాక తొందరగా బయటికి రాదు. మనిషి ముందుకు సాగుతుంటే చెయ్యి అక్కడే ఆగి, లోపలి భుజం వెనక్కి లాగినట్టవుతుంది. వీటన్నిటికీ మూలం చేతిలో ఉన్న ఆ పది సెంటీమీటర్లు.

పొట్టి పోల్‌తోనూ ఇబ్బంది ఉంది. మరీ పొట్టిదైతే నడుము దగ్గర వంగి అందుకోవాలి. నడుము వంగితే పిరుదులు వెనక్కి పోయి బరువు మళ్లీ మడమల మీదే పడుతుంది. బాగా నిటారు వాలు మీద దిగువ వైపు మంచు ఇంకా కిందికి ఉంటుంది కాబట్టి, పొట్టిదనం అక్కడ మరీ తెలుస్తుంది. అయినా ఒక సైజు పొట్టిదైతే చెయ్యి కాస్త కిందికి దిగుతుందే తప్ప భుజం లేవదు. రెండు సైజుల మధ్య తటపటాయిస్తుంటే పొట్టిదే తీసుకోండి. ఈ మాట నేను గట్టిగానే చెప్తాను.

కొలిచే పద్ధతి సులువే. స్కీ బూట్లు వేసుకుని, స్కీలు లేకుండా, చదునైన నేల మీద నిటారుగా నిలబడండి. పోల్‌ని తలకిందులు చేసి గ్రిప్‌ని, అంటే పిడిని, నేలకి ఆనించండి. పైకి వచ్చిన బాస్కెట్‌కి సరిగ్గా కింద, అది చేతిమీద ఆనేలా, షాఫ్ట్‌ని (పోల్ గొట్టాన్ని) పట్టుకోండి. పైచేయి శరీరానికి ఆనుకుని ఉండాలి. మోచేయి లంబకోణంలో, ముంజేయి నేలకి సమాంతరంగా ఉంటే పొడవు సరిపోయినట్టు. ముంజేయి పైకి లేస్తే పోల్ పొడుగు, కిందికి వాలితే పొట్టి. బాస్కెట్ కింద పట్టుకోమనడానికి కారణముంది. వాడేటప్పుడు బాస్కెట్ అవతలి ముక్క మంచులో దిగిపోతుంది, అది లెక్కలోకి రాదు. పోల్‌ని మామూలుగా నిలబెట్టి గ్రిప్ పట్టుకుని కొలిస్తే ఆ ఆరేడు సెంటీమీటర్ల తేడా వస్తుంది. దుకాణాల్లో జరిగే తప్పుల్లో ఇదే మొదటిది. స్పోర్ట్స్ షూస్‌తో నిలబడి కొలవడం రెండోది. స్కీ బూటు అడుగు దానికంటే మందం, అది కాలిని ఇంకాస్త ఎత్తుతుంది.

పోల్ చేతిలో లేకుండా ఆన్‌లైన్‌లో కొంటుంటే, ఎత్తుని సెంటీమీటర్లలో తీసుకుని 0.7తో గుణించండి. ఈ 0.7 ఎక్కడి నుంచి వచ్చిందో లెక్క వేస్తే నమ్మకం కుదురుతుంది. నిలబడ్డ మనిషి మోచేయి నేల నుంచి సగటున ఎత్తులో 63 శాతం దగ్గర ఉంటుంది. 170 సెం.మీ. మనిషికి అది 107 సెం.మీ. బూటు అడుగుకి మూడు నాలుగు కలపండి, బాస్కెట్ కింద మంచులో దిగే ముక్కకి ఆరేడు కలపండి, 117 దగ్గర తేలుతుంది. స్కీ మందం కాస్త ఎత్తుతుంది, మెత్తటి మంచులో స్కీ కాస్త దిగుతుంది. 170ని 0.7తో గుణిస్తే 119. రెండూ దగ్గర దగ్గరగానే వచ్చాయి.

మన ఎత్తులు అడుగుల్లో చెప్పుకుంటాం కాబట్టి అలాగే చూద్దాం. పోల్స్ సాధారణంగా ఐదేసి సెంటీమీటర్ల తేడాతో వస్తాయి. 5 అడుగుల మనిషికి 105, 5 అడుగుల 2 అంగుళాలకి 110, 5 అడుగుల 5 అంగుళాలకి 115, 5 అడుగుల 8 అంగుళాలకి 120, 5 అడుగుల 10 అంగుళాలకి 125. ఆరడుగులవాళ్లకి లెక్క 128 వస్తుంది, వాళ్లు 125తో మొదలుపెట్టడం మేలు. అమెరికాలో పోల్స్ మీద అంగుళాలు ఉంటాయి. 44, 46, 48 అంగుళాలని 110, 115, 120 సెం.మీ.కి సమానంగా రాస్తారు. నిజానికి 46 అంగుళాలంటే 116.8 సెం.మీ. పేరుకి ఒకే సైజైనా అంగుళాల పోల్ కాస్త పొడుగు ఉండొచ్చు.

ఈ పట్టికలన్నీ సగటు మనిషికి వేసినవి. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి చేతులు పొడుగు, ఇంకొకరికి కాళ్లు పొడుగు ఉంటాయి. పైచేయి పొడుగైతే మోచేయి కిందికి వస్తుంది, పోల్ పొట్టిది కావాలి. అందుకే పట్టిక చూసి ఆన్‌లైన్‌లో ఆర్డరిచ్చే ముందు ఒకసారి అద్దె పోల్‌తో మోచేయి పరీక్ష చేసి, సరిపోయిన పోల్ మీది అంకె రాసిపెట్టుకోండి. ఆ అంకె షాఫ్ట్ మీద గ్రిప్‌కి కిందో, గ్రిప్ నెత్తినో ఉంటుంది. అద్దెకి తీసుకున్నప్పుడు రెండు పోల్స్‌నీ పక్కపక్కన నిలబెట్టి చూడండి. కుప్పలోంచి తీసిన జతలో ఒకటి 115, ఇంకోటి 120 ఉండడం అరుదేమీ కాదు. ఎడమ మలుపు వస్తోంది, కుడి మలుపు రావట్లేదు అనేవాళ్లు ముందు ఇది చూసుకోవాలి.

చేసే స్కీయింగ్‌ని బట్టి ఈ కొలత కొంత జరుగుతుంది. మంచు గుబ్బలు వరసగా ఉండే మోగల్స్‌లో పోల్ గుబ్బ నెత్తిన తాకుతుంది, అది చేతికి దగ్గరగా ఉంటుంది. అక్కడ ఐదు నుంచి పది సెంటీమీటర్లు పొట్టి పోల్ వాడతారు. గెంతులూ పల్టీలూ కొట్టే టెర్రైన్ పార్కుల్లో ఇంకా పొట్టివి, అడ్డం రాకుండా. చాలా వేగంగా దిగే డౌన్‌హిల్, సూపర్-జి పందాల్లో శరీరం చుట్టూ వంపు తిరిగిన పోల్స్ కనిపిస్తాయి. గాలికి ఎదురు తగలకుండా నడుము పక్కన ఒదిగిపోవడానికి ఆ వంపు. వాటిని రిసార్టులో కొనుక్కుని తిరగడంలో ఏ ప్రయోజనమూ లేదు.

పోల్ పొడుగైతే పారేయనక్కర్లేదు, అల్యూమినియం పోల్‌ని ఇంట్లోనే కోసుకోవచ్చు. ఎప్పుడూ గ్రిప్ వైపు నుంచే కోయాలి. కింది భాగం సన్నబడుతూ పోతుంది, అక్కడ కోస్తే టిప్పూ (మంచుని తాకే కొస) బాస్కెట్టూ మళ్లీ కూర్చోవు. ముందు గ్రిప్ నెత్తిన స్క్రూ ఉందేమో చూడండి, ఉంటే విప్పండి. గ్రిప్‌ని వేడినీళ్లలో కొన్ని నిమిషాలు ఉంచండి, లేదా హెయిర్ డ్రయర్‌తో వెచ్చబెట్టండి. రబ్బరు మెత్తబడ్డాక మెలితిప్పుతూ పైకి లాగితే వస్తుంది. షాఫ్ట్ మీద గుర్తు పెట్టి, హాక్‌సా బ్లేడుతో గానీ పైపు కట్టర్‌తో గానీ కోయండి. అంచు పదును పోయేదాకా ఆకురాయితో రుద్దండి. అది వదిలేస్తే లోపలి నుంచి గ్రిప్‌ని కోసేస్తుంది. మళ్లీ గ్రిప్‌ని వెచ్చబెట్టి, టిప్‌ని చెక్కముక్క మీద ఆనించి, స్ట్రాప్ సరైన దిక్కుకి ఉండేలా చూసి గట్టిగా దించండి. ఐదు సెంటీమీటర్లు తీయడం మామూలు విషయం. పది దాటి తీయాల్సి వస్తే వేరే పోల్ కొనడమే మంచిది, గ్రిప్ బిగుతుగా పట్టేంత వెడల్పు షాఫ్ట్‌లో మిగలకపోవచ్చు. కార్బన్ షాఫ్ట్‌ని కోయాలంటే కోసేచోట టేపు చుట్టి, సన్నపళ్ల రంపంతో, ముక్కుకి మాస్కు పెట్టుకుని కోయాలి. ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు, పీచులు చేతికి గుచ్చుకుంటాయి. అలవాటు లేకపోతే దుకాణంవాళ్లకే ఇవ్వండి.

ఇక బాస్కెట్. టిప్‌కి పైన ఉండే ఆ ప్లాస్టిక్ పళ్లెం పోల్ మంచులో కూరుకుపోకుండా ఆపుతుంది. యంత్రంతో చదును చేసిన గట్టి వాలుకి 5 లేదా 6 సెం.మీ. వెడల్పు చాలు. కొత్తగా పడిన పొడి మంచులో 9, 10 సెం.మీ. వెడల్పున్నది కావాలి. గుల్‌మార్గ్‌లో గొండోలా (కేబుల్ కారు) రెండో దశ ఎక్కి అఫర్వట్ శిఖరం దగ్గర, దాదాపు 3,950 మీటర్ల ఎత్తున దిగితే కింద ఉన్నది చాలావరకు చదును చేయని మంచు. అక్కడ చిన్న బాస్కెట్‌తో పోల్ ఆనిస్తే అది సగం దాకా దిగిపోతుంది, దానితోపాటు భుజమూ కిందికి లాగుతుంది. పడ్డాక లేవడానికి ఆనించుకుందామన్నా దొరికే ఆసరా ఉండదు. ఉత్తరాఖండ్‌లోని ఔలీలో గఢ్‌వాల్ మండల్ వికాస్ నిగమ్ నడిపే స్కీ కోర్సులో చదును వాలు మీద నేర్చుకునేవాళ్లకి చిన్నదే సరి. పెద్ద బాస్కెట్ అన్నిటికీ పనికొస్తుందిలే అనుకోవద్దు. గట్టి మంచు మీద పోల్‌ని కాస్త వాల్చి ఆనిస్తే టిప్ కంటే ముందు బాస్కెట్ అంచు తగిలి జారుతుంది. స్కీల మీదా కొట్టుకుంటుంది. జతకి రెండు రకాల బాస్కెట్లు ఇచ్చే పోల్ దొరికితే పది డాలర్లు ఎక్కువైనా అదే తీసుకోండి. ఒక కంపెనీది ఇంకో కంపెనీ టిప్‌కి చాలాసార్లు పట్టదు. కొన్నిటికి మర ఉంటుంది, కొన్ని నొక్కి ఎక్కించేవి. నొక్కేవాటిని వేడినీళ్లలో ఉంచాక ఎక్కిస్తే పగలకుండా కూర్చుంటాయి. అద్దె పోల్‌కి బాస్కెట్ ఊడిపోయి ఉంటే తీసుకోవద్దు, ఎంత తొందరలో ఉన్నా సరే.

టిప్ గురించి ఒక్క మాట. చివర లోపలికి గుంటపడిన, చుట్టూ పదునైన అంచున్న టిప్ గడ్డకట్టిన మంచుని పట్టుకుంటుంది. అరిగి గుండ్రంగా అయినది జారిపోతుంది.

స్ట్రాప్ దగ్గర ఆగి మాట్లాడాలి, ఎందుకంటే ఇక్కడ దెబ్బ నేరుగా శరీరానికి తగులుతుంది. చాలామంది స్ట్రాప్‌లోకి చేతిని పైనుంచి దూర్చి గ్రిప్ పట్టుకుంటారు. అది తప్పు. స్ట్రాప్ ఉంగరంలోకి చేతిని కిందినుంచి పైకి దూర్చి, ఆ పైన స్ట్రాప్‌నీ గ్రిప్‌నీ కలిపి పట్టుకోవాలి. అప్పుడు స్ట్రాప్ మణికట్టు వెనక ఆని, వేళ్లు వదులుగా ఉన్నా పోల్ మీద బరువు మోపడం వీలవుతుంది. చదునుగా ఉన్నచోట తోసుకుంటూ పోయేటప్పుడు ఈ తేడా చేతులకి బాగా తెలుస్తుంది. స్ట్రాప్ పొడవు సరిచేసేటప్పుడు చేతి తొడుగులు వేసుకునే సరిచేయండి. ఉత్త చేతికి సరిపోయిన స్ట్రాప్ తొడుగు వేశాక బిగుసుకుంటుంది.

చెయ్యి చాచి పడిపోయినప్పుడు గ్రిప్ బొటనవేలికీ అరచేతికీ మధ్య ఇరుక్కుని, వేలిని పక్కకి విరిచేస్తుంది. బొటనవేలు అరచేతికి కలిసే కీలు దగ్గర, చూపుడువేలి వైపున ఎముకల్ని కలిపి ఉంచే స్నాయువు సాగుతుంది, ఒక్కోసారి తెగుతుంది. దీనికి స్కీయర్స్ థంబ్ అనే పేరే ఉంది. ఆ వైపు వాపు, తాళంచెవి తిప్పలేకపోవడం, చిటికెలో కాగితం పట్టుకోలేకపోవడం దీని లక్షణాలు. బెణుకే కదా అని నెలలు గడిపేయొద్దు. తెగిన స్నాయువు కొస పక్కనున్న కండర పొర బయటికి వచ్చి చిక్కుకుంటే, ఆపరేషన్ చేయకుండా తనంతట తాను అతుక్కోదు. వారం లోపలే చేతి సర్జన్‌కి చూపించండి. స్ట్రాప్ లేకపోతే ఈ ప్రమాదం పూర్తిగా పోదు, పట్టు వదలకపోతే ఎలాగైనా జరుగుతుంది. అయితే స్ట్రాప్ లేనప్పుడు పోల్‌ని వదిలేయడం చేతిలో పని. పడుతున్నామని తెలియగానే వేళ్లు విప్పి వదిలేయడం అలవాటు చేసుకోవాలి. చదును నేల మీద ఉత్తినే నాలుగైదుసార్లు చేసి చూస్తే చేతికి ఆ అలవాటు పడుతుంది. జోరుగా లాగితే తనంతట తాను ఊడిపోయే స్ట్రాప్‌లు కూడా కొన్ని కంపెనీలు చేస్తున్నాయి. లెకీ కంపెనీవాళ్ల ట్రిగ్గర్ పద్ధతి అలాంటిదే. తరచుగా వెళ్లేవాళ్లకి ఆ ఖర్చు దండగ కాదు.

కొన్నిచోట్ల స్ట్రాప్ అసలే వేసుకోకూడదు. చెట్ల మధ్య దిగేటప్పుడు బాస్కెట్ కొమ్మకి తగులుకుంటే చేతితోపాటు భుజం కీలు లాగేస్తుంది. చైర్‌లిఫ్ట్ ఎక్కేముందు రెండు స్ట్రాప్‌లూ తీసి పోల్స్ ఒక చేతిలో పట్టుకోవాలి, దిగేచోట కుర్చీకి తగులుకుంటే మనిషిని లాక్కుపోతుంది. మంచు చరియలు విరిగిపడే ప్రమాదం ఉన్నచోట, అంటే అఫర్వట్‌లో గస్తీ లేని వాలులవంటి చోట, స్ట్రాప్ చేతికి ఉంటే కదిలే మంచులో ఆ పోల్ లంగరులాగా మనిషిని కిందికి లాగుతుంది. ముఖం ముందు ఊపిరికి చోటు చేసుకోవాల్సిన చెయ్యి దానికి కట్టుబడి ఉంటుంది.

ఇప్పుడు షాఫ్ట్. 1958లో అమెరికాలోని ఇడహోలో, సన్ వ్యాలీకి చెందిన ఇంజినీరు, స్కీ రేసర్ ఎడ్ స్కాట్ కిందికి సన్నబడే అల్యూమినియం పోల్ తయారుచేశాడు. అంతకుముందు వెదురూ ఉక్కూ వాడేవాళ్లు. ఆ రోజునుంచి ఇప్పటిదాకా మామూలు స్కీయర్‌కి అల్యూమినియమే సరైన ఎంపిక అని నా అభిప్రాయం. అది వంగుతుంది, వెంటనే విరగదు. కొద్దిగా వంగితే మోకాలి మీద పెట్టి నెమ్మదిగా ఒకసారి సరిచేసుకోవచ్చు. ఒకేచోట మడతపడినట్టు నొక్కుకుపోతే మాత్రం సరిచేయబోవద్దు, అక్కడే విరుగుతుంది. విరిగిన అల్యూమినియం గొట్టం అంచు కత్తిలాగా ఉంటుంది. కార్బన్ తేలిక, చలికి చేతికి అంత చల్లగా తగలదు, అదురు తక్కువ. కానీ స్కీ ఉక్కు అంచు పడి చిన్న గాటు పడితే చాలు, చాలా రోజుల తర్వాత మామూలు తాకిడికే అక్కడ పుటుక్కున విరుగుతుంది. కొత్తవాళ్లు తమ స్కీల మీద తామే పోల్స్ పడేసుకుంటారు, లిఫ్ట్ వరసలో ఒకరి స్కీలు ఒకరి పోల్స్ తొక్కుతాయి. వాళ్ల చేతికి కార్బన్ ఇవ్వడం అన్యాయం. అమెరికాలో మంచి అల్యూమినియం జత 30 నుంచి 60 డాలర్ల మధ్య దొరుకుతుంది. కార్బన్ వంద దాటుతుంది. ఆ తేడా డబ్బు ఒక పాఠానికి, లేదా మంచి తొడుగులకి పెట్టండి.

బరువు చూసేటప్పుడు తక్కెడ మీది అంకె కంటే ఊపు ముఖ్యం. బొటనవేలు, చూపుడువేలుతో మాత్రమే గ్రిప్‌ని పట్టుకుని మణికట్టుని చిన్నగా కదపండి. టిప్ తేలిగ్గా ముందుకు ఊగి ఆగితే బరువు పైన ఉన్నట్టు. కిందికి బరువుగా వేలాడి, భుజంతో లాగాల్సి వస్తే, అది ఎంత తేలికని రాసి ఉన్నా మధ్యాహ్నానికి చెయ్యి నొప్పెడుతుంది. పెద్ద బాస్కెట్ పెట్టగానే ఊపు బరువెక్కేది కూడా ఇందుకే. గ్రిప్ లావు చేతికి తగ్గట్టు ఉండాలి. ఆడవాళ్లకీ పిల్లలకీ సన్నటి గ్రిప్‌లు వేరుగా వస్తాయి. తొడుగు వేసుకున్న చేత్తో పట్టుకుని చూడకుండా కొనకండి.

పొడవు మార్చుకునే పోల్స్ గురించి హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో శ్రీనగర్‌కి విమానంలో వెళ్లేవాళ్లు ఆలోచించడం న్యాయమే. 120 సెం.మీ. పోల్ సూట్‌కేసులో పట్టదు, ముడుచుకునేది పడుతుంది. స్కీల కింద స్కిన్స్ (వెనక్కి జారకుండా ఆపే పట్టీలు) అంటించుకుని కొండ ఎక్కేవాళ్లకీ అదే కావాలి, ఎక్కేటప్పుడు దిగే పొడవు కంటే ఐదు పది సెంటీమీటర్లు ఎక్కువ పెట్టుకుంటారు. కొనేటప్పుడు బయట మీట నొక్కి బిగించే రకం తీసుకోండి. మెలితిప్పి బిగించే రకంలో లోపల తడి చేరి గడ్డకడితే తొడుగు చేత్తో తిప్పడం కష్టం, ఒక్కోసారి బిగిసినట్టే ఉండి బరువు పడగానే జారిపోతుంది. మీట బిగించాక పోల్ మీద మీ బరువులో సగానికి పైగా మోపి చూడండి. జారితే మీట పక్కనున్న చిన్న స్క్రూని పావు చుట్టు బిగించండి. షాఫ్ట్ మీద ఆపు గీత ఉంటుంది, దాన్ని దాటి లాగొద్దు. లోపల మిగిలే గొట్టం సరిపోక అతుకు దగ్గర వంగుతుంది. రిసార్టులో రోజంతా లిఫ్ట్ ఎక్కి దిగేవాళ్లకి మాత్రం అతుకులేని ఒకే ముక్క పోల్ మేలు. తక్కువ బరువు, జారే భయం లేదు.

కేదార్‌కంఠ లాంటి ట్రెక్కులకి వెళ్లి ట్రెక్కింగ్ పోల్స్ కొనుక్కున్నవాళ్లు వాటితోనే స్కీయింగ్ చేయొచ్చా అని అడుగుతారు. వద్దు. వాటి కింది ముక్క సన్నం, అతుకులు రెండు, బాస్కెట్ చిన్నది. నిలువుగా పడే బరువుకి తయారైనవి, పక్కనుంచి తగిలే దెబ్బకి కాదు. తిరగేసి చూస్తే మాత్రం లాభం ఉంది. పొడవు మార్చుకునే స్కీ టూరింగ్ పోల్‌కి చిన్న బాస్కెట్ వేసి ట్రెక్కింగ్‌కి హాయిగా వాడుకోవచ్చు. రెండూ చేసేవాళ్లు అటునుంచి కొనుక్కోవడం తెలివి.

చదును మంచు మీద మైళ్లకొద్దీ సాగే క్రాస్ కంట్రీ స్కీయింగ్‌కి ఈ లెక్కలేవీ వర్తించవు. అక్కడ పోల్ నిజంగా తోసే పనిముట్టు, అందుకే చాలా పొడుగు. క్లాసిక్ పద్ధతిలో ఎత్తుని 0.83తో గుణిస్తారు. అంతర్జాతీయ పోటీల్లో 2016-17 సీజన్ నుంచి బూట్లతో కలిపి ఎత్తులో 83 శాతం దాటకూడదన్న నిబంధన ఉంది. స్కేటింగ్ పద్ధతికి 0.9 దగ్గర. కాబట్టి ఎవరైనా చంక దాకా వచ్చే పోల్ సరైనదని చెబితే, వాళ్లు ఏ స్కీయింగ్ గురించి చెబుతున్నారో ముందు అడగండి.

పిల్లల సంగతి. ఆరేడేళ్ల లోపు పిల్లలకి పోల్స్ ఇవ్వకండి. వాళ్లకి కాళ్ల మీద నిలదొక్కుకోవడం రావాలి. పోల్ ఇస్తే దాని మీద వాలిపోతారు, పక్కవాళ్ల కళ్లకీ ప్రమాదం. పెద్దవాళ్లకి కూడా మొదటి రోజున చాలా స్కీ స్కూళ్లు పోల్స్ పక్కన పెట్టిస్తాయి. డబ్బు కట్టాం కదా, పోల్స్ ఎందుకివ్వరని కొందరు పేచీ పెడతారు. ఇవ్వకపోవడమే మంచి శిక్షణ. చేతులు ఖాళీగా ఉంటే బరువు ఎక్కడుందో పాదాలకి తెలుస్తుంది. ఎదిగే పిల్లలకి మాత్రం పొడవు మార్చుకునేది కొనండి, మూడు నాలుగు శీతాకాలాలు వస్తుంది. ప్రతి సీజన్ మొదట్లో మోచేయి పరీక్ష మళ్లీ చేయడం మర్చిపోకండి.

పాతవి కొంటుంటే షాఫ్ట్ ఒక కొసన కన్నుపెట్టి పొడవునా చూడండి, వంపు తెలుస్తుంది. గోటితో పైనుంచి కిందిదాకా తడమండి. కార్బన్‌లో గోరు ఆగే గాటు ఉంటే బేరం ఆపేయండి. గ్రిప్‌ని మెలితిప్పితే తిరగకూడదు. స్ట్రాప్ కుట్టుని రెండు చేతులతో లాగి చూడండి. ఇంటికొచ్చాక, పొడవు మార్చుకునేవైతే ముక్కలు విడదీసి, తుడిచి, రాత్రంతా విడిగా ఆరనివ్వండి. అతుకుల్లో నూనె వేయకండి, వేస్తే మీట పట్టదు.